బ్యారన్ కచేరీలో నాలుగో గొంతు

పున్నయ్య పొగాకు మానేసి శనగ వేయడం మొదలుపెట్టాక, పొలం గట్టున ఉన్న ఆయన బ్యారన్ ఖాళీ అయిపోయింది. బ్యారన్ అంటే పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే ఇల్లు. నాలుగు మట్టి గోడలు, పైన రేకులు, ఒకే ఒక్క తలుపు, ఎత్తు మాత్రం రెండు మేడలంత. మనుషులకు అందులో పని లేకుండా పోయేసరికి జంతువులకు పని దొరికింది. అందులో చిన్నగా దగ్గినా ఆ దగ్గు గోడలన్నీ తిరిగి, నున్నబడి మరీ చెవిలో పడుతుంది. ఈ సంగతి మొదట కనిపెట్టింది కోయిల కామాక్షమ్మ.

కామాక్షమ్మది పెద్ద గురుపరంపర. ఎవరు అడిగినా అడక్కపోయినా తన గురువు పేరు, గురువుగారి గురువు పేరు చెప్పి గానీ గొంతు విప్పదు. ఒక సాయంత్రం ఆమె బ్యారన్ దూలం మీద కూర్చుని మోహన రాగం తీస్తుంటే, బయట కాలవలోంచి ఎవరో మధ్యలో దూరారు.

"ఎవరయ్యా అది?" అంది కామాక్షమ్మ. "మోహనంలో ఆ గాంధారం ఎక్కడిది?"

"మా రైల్వే కాలనీది, అమ్మగారూ," అంటూ కాలవ గట్టెక్కాడు బాతు బెంజిమన్. సంతలో పున్నయ్య కొనుక్కొచ్చేదాకా అతను పెరిగింది రైల్వే కాలనీలో, ఒక క్లబ్బు వెనక దొడ్లో. శనివారం శనివారం ఆ క్లబ్బులో బ్యాండు వాళ్ళు జాజ్ వాయించేవాళ్ళు. గుడ్డులో ఉన్నప్పట్నుంచీ బెంజిమన్ విన్నది అదే. "మీ మెట్టుకీ కింది మెట్టుకీ మధ్యన కాసేపు నిలబడ్డా. జాజ్‌లో ఆ చోటును అందరూ ముద్దు చేస్తారండీ."

"మా ఇంట్లో దాన్ని అపస్వరం అంటారు."

"మా ఇంట్లో దానికి చప్పట్లు కొడతారు."

"నా పాటలో నీ కాలనీ ఎందుకు?"

"మీరు పాడుతుంటే నోరు ఊరుకోలేదండీ. తప్పయితే కొట్టండి."

ఇంతలో గుమ్మం దగ్గర పడుకుని నెమరేస్తున్న ఎద్దు నాగయ్య తల తిప్పాడు. ట్రాక్టరు వచ్చాక ఆయన మెడ మీదనుంచి కాడి దిగిపోయింది గానీ, మెడలో మువ్వల పట్టెడ మాత్రం అలాగే ఉంది. "బయట గాలిగా ఉంది, లోపలికి రా అబ్బాయ్," అన్నాడు. "కొట్లాడుకునేదేందో తాళంలో కొట్లాడుకోండి. నేను దెబ్బ వేస్తా."

అలా ఆ గిట్ట నేల మీద పడడం, మెడలో మువ్వలు కదలడం, ఇద్దరూ మూతులు ముడుచుకుని మొదలుపెట్టడం, చీకటి పడేసరికి మూతులు విప్పుకోవడం అన్నీ ఒక్క సాయంత్రంలోనే జరిగిపోయాయి. మర్నాటి నుంచి ముగ్గురూ జట్టు కట్టారు. పద్ధతి బెంజిమన్ చెప్పాడు. ముందు ముగ్గురూ కలిసి పాట చెప్పాలి. తరవాత ఒక్కొక్కరూ విడిపోయి తమకు తోచింది పాడుకుంటూ తిరిగి, మళ్ళీ వచ్చి కలవాలి. రాగం కామాక్షమ్మ ఎంచుతుంది. నాగయ్య పెట్టింది ఒకే ఒక్క షరతు.

"మనలో ఎవరన్నా తప్పితే, పక్కనోళ్ళు ఆ తప్పునే ఎత్తుకుని ఇంకోసారి పాడాల. వదిలేసినామా, అది తప్పు. ఎత్తుకున్నామా, అది పాట."

కామాక్షమ్మకు ఈ షరతు మింగుడు పడలేదు. వాళ్ళ ఇంట్లో తప్పు దొర్లితే దగ్గి ముందుకు పోయేవాళ్ళు. అయినా ఎద్దు మాట కాదనలేక ఒప్పుకుంది.

వినడానికి వచ్చినవాళ్ళలో ముందు వరస కోడిపెట్ట రత్తమ్మది. ఆవిడకు సంగీతం మీద ఏ మోజూ లేదు. మొన్నటి వానకు ఆవిడ గంప చిరిగిపోయింది, చుట్టూ పసుపు ముద్దల్లాంటి పిల్లలు. బ్యారన్‌కు ఉన్నది ఒక్కటే తలుపు, ఆ తలుపుకు అడ్డంగా నాగయ్య. పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి గోడవారగా చేరిపోయింది. పాట నడిచినంతసేపూ పిల్లలకు భయం లేదు. పాట ఆగిందా, నాగయ్య కొట్టానికి పోతాడు, కామాక్షమ్మ కొమ్మకు పోతుంది, బెంజిమన్ కాలవకు పోతాడు. రత్తమ్మ చిరిగిన గంప కిందకు పోవాలి. నక్కలు తిరిగేది ఆ గంప చుట్టూనే.

ఇదే లెక్క ఇంకొకడు కూడా వేశాడు. వాడు నక్క కోటిలింగం.

కోటిలింగానికి సంగీతమంటే తలనొప్పి. కానీ పసుపు ముద్దలంటే ప్రాణం. పొలంలో ఎక్కడో దొరికిన జరీ పేలిక ఒకటి మెడకు చుట్టుకుని, ఒక సాయంత్రం వచ్చి గుమ్మం బయట మర్యాదగా కూర్చున్నాడు. పాట ఊపందుకున్న చోట కళ్ళు మూసుకుని, చప్పబడ్డ చోట "ఆహా" అన్నాడు.

"అదేంది, అది నక్క గదా," అంది రత్తమ్మ పిల్లల్ని రెక్కల కిందకు లాక్కుంటూ.

"రసికుడు," అంది కామాక్షమ్మ. కోటిలింగం "ఆహా" అన్నది ఆమె ఆలాపనకే మరి. "రసికుడు వచ్చినప్పుడు చెవులు చూడాలి గానీ కోరలు చూడకూడదు రత్తమ్మా."

"నీకేమ్మా, నువ్వు ఎగిరిపోతావు," అంది రత్తమ్మ.

నాగయ్య కొంచెం జరిగి గుమ్మానికి ఇంకాస్త అడ్డంగా కూర్చున్నాడు.

శనగ కోత పూర్తయిన రోజు సాయంత్రం పెద్ద కచేరి పెట్టుకున్నారు. పక్క పొలాల మేకలు, గేదెలు, కాలవ అవతలి కొంగలు అందరూ వస్తామన్నారు. కోటిలింగానికి అంతకంటే ఏం కావాలి? నలుగురి ముందు జరిగిన అవమానం మాసిపోదని వాడికి బాగా తెలుసు. ముందు రోజే కామాక్షమ్మ కొమ్మ కిందకు చేరాడు.

"అమ్మా, ఒక మాట. చెప్పాలో వద్దో తెలియడం లేదు."

"చెప్పవయ్యా."

"మీ గురువుగారే ఉండి ఉంటే, మీ పాటలో ఆ కాలవ నీళ్ళు కలవడం చూసి ఏమనేవారో అని నాకు బెంగ. అతను బయట ఏమంటున్నాడో కూడా విన్నాను. 'ముసలావిడకు నేనే దారి చూపిస్తున్నా' అంటున్నాడు."

కామాక్షమ్మ తోక ఈకలు లేచాయి. "ముసలావిడా?"

"నేనయితే ఒకటే చేస్తాను. రేపు అతనికి పాట అందించే చోట కాస్త ఆధారం జరిపేస్తాను. మోహనం అనుకుని నోరు తెరుస్తాడు, అది మోహనం కాదు. ఎవరెంతటివాళ్ళో ఊరికే తెలిసిపోతుంది."

ఆధారం అంటే పాట మొత్తం ఆనుకునే స్వరం. ఆధారం, మోహనం అన్న మాటలు వాడు గుమ్మం దగ్గర విని బట్టీ పట్టినవే. వాటి లోతు వాడికి తెలియదు. కామాక్షమ్మకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. ముసలావిడ అన్న మాట ముల్లులా గుచ్చుకుంది.

అక్కణ్ణుంచి కోటిలింగం కాలవ గట్టుకు పోయాడు.

"బెంజిమన్ బాబూ, నీకో సంగతి తెలుసా? ఆవిడ నిన్ను ఏమంటున్నదో?"

"ఏమంటున్నది?"

"'బురద సరుకును తెచ్చి బ్యారన్‌లో పెట్టుకున్నాం, ఏం చేస్తాం' అంటున్నది. నా చెవులతో విన్నా."

బెంజిమన్ ఈత ఆపేశాడు. "అమ్మగారు అట్టా అన్నారా?" అన్నాడు. అతనికి కోపం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది. ఆ ఊళ్ళో అతన్ని తప్పుపట్టి అయినా పట్టించుకున్నది ఆవిడే.

"రేపు ఆవిడ వచ్చి కలిసే చోట నువ్వు అర దెబ్బ ఆలస్యంగా మొదలుపెట్టు. నమ్ముకున్న చోట దెబ్బ ఉండదు, తడబడి పడుతుంది. బురద సంగతి అప్పుడు తెలుస్తుంది."

చివరగా నాగయ్య దగ్గరికి పోయి, "పెద్దాయనా, ఇంత చాకిరీ చేస్తున్నావు, నీ పేరెత్తినవాడున్నాడా? రేపు మధ్యలో గిట్ట ఆపి చూడు," అన్నాడు. నాగయ్య చాలాసేపు నెమరేసి, "నాకు ఆపడం చేతకాదు," అని కళ్ళు మూసుకున్నాడు. ఇద్దరు చాలుననుకున్నాడు కోటిలింగం.

కచేరీ నాడు పొద్దు వాలేసరికి బ్యారన్ కిటకిటలాడిపోయింది. గేదెలు వెనక, మేకలు నడుమ, కొంగలు దూలాల మీద. రత్తమ్మ ఎప్పటిలాగే ముందు వరసలో పిల్లలతో. గుమ్మంలో ముందు కాళ్ళు చాపుకుని నాగయ్య, గుమ్మానికి బయట జరీ పేలికతో కోటిలింగం. కామాక్షమ్మ, బెంజిమన్ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రత్తమ్మ అది కనిపెట్టింది.

"ఏంది తమ్ముడూ, అమ్మగారితో పలకడం లేదే?" అంది బెంజిమన్‌తో.

"బురద సరుకుతో ఆవిడకు మాటలేంది?"

"ఈ మాట ఎవరన్నారు?"

బెంజిమన్ జవాబు చెప్పేలోగా నాగయ్య గిట్ట పడింది, కచేరి మొదలైపోయింది.

ముగ్గురూ కలిసి మోహనం చెప్పారు. ఆ పైన కామాక్షమ్మ వంతు. కోపంగా ఉన్నా పాట పాటే, ఆమె బాగా పాడింది. సరిగ్గా బెంజిమన్‌కు అందించే చోట, నిలవాల్సిన స్వరం మీద నిలవకుండా గాంధారం మీదకు జరిగి, అదే ఆధారం అన్నట్టు దాని మీద కూర్చుంది. పాడిన స్వరాలు అవే, కానీ మోహనం కాస్తా హిందోళమైపోయింది. ఇల్లు అదే ఉండి, వాకిలి ఇంకో గోడకు మారినట్టయింది.

గుమ్మం బయట కోటిలింగం పెదాలు తడుపుకున్నాడు.

పాపం, వాడికి తెలియంది ఒకటుంది. జాజ్ వాళ్ళకు పుట్టినప్పట్నుంచీ అదే పని. ఆ క్లబ్బులో పాట ఒక్క ఆధారం మీద కుదురుగా కూర్చున్న రోజే లేదు. కింద నేల జరుగుతూనే ఉండేది, బ్యాండు వాళ్ళు దాంతోపాటు జరుగుతూనే ఉండేవాళ్ళు. వాకిలి మారిందని చూడగానే బెంజిమన్‌కు తన ఊరు కనిపించింది. ఆ వాకిట్లోంచి దూరి, హిందోళంలో ఒక చుట్టు తిరిగి, వచ్చిన దారినే మోహనంలోకి జారి, మళ్ళీ ఎక్కడికో పోయి ఇంకో వాకిలి తెరిచాడు. కామాక్షమ్మ ముక్కు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మేకలు గడ్డాలు ఊపాయి.

అంతా పాడాక గానీ బెంజిమన్‌కు తన కోపం గుర్తు రాలేదు. గుర్తు రాగానే, ఆవిడ వచ్చి కలిసే చోట అర దెబ్బ ఆలస్యం చేశాడు.

అదీ కోటిలింగం చేసిన రెండో పొరపాటు. కామాక్షమ్మ గురువు ఆమె చేత పాటను దెబ్బ పడ్డ చోట ఎన్నడూ మొదలుపెట్టనివ్వలేదు. దెబ్బకు ముందు ఎత్తుకో, దెబ్బ దాటాక ఎత్తుకో అంటూ చిన్నప్పుడంతా ఏడిపించి నేర్పాడు. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఆ ఖాళీ ఆమె పుట్టిల్లు. బెంజిమన్ అర దెబ్బ వదిలితే ఆమె ఆ అర దెబ్బలో దిగింది. దిగి ఇంకో పావు వదిలింది. అతను ఆ పావు అందుకున్నాడు. ఇద్దరూ తాళాన్ని తప్పించుకుంటూ, తాళానికి దొరికిపోతూ, దాగుడుమూతలు ఆడుతుంటే నాగయ్య గిట్ట మాత్రం ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. బ్యారన్ గోడలు ఆ మోతను తిప్పి తిప్పి ఇస్తున్నాయి.

"ఏం పాడుతున్నావురా," అంది కామాక్షమ్మ ఊపిరి తీసుకునే సందులో. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు.

"మీరు వాకిలి తీశారు గదా అమ్మగారూ, నేను దూరా."

"నిన్ను పడేద్దామని తీశానురా."

"నేనూ మిమ్మల్ని పడేద్దామనే ఆలస్యం చేశా."

ఇద్దరూ మొహాలు చూసుకుని పాటలోనే నవ్వేశారు. ఆ నవ్వు కూడా తాళంలో పడింది.

బయట కోటిలింగం లెక్క తప్పింది. కొట్టుకోవాల్సినవాళ్ళు నవ్వుకుంటున్నారు. జనం లేచిపోవాల్సింది పోయి ఇంకా ముందుకు జరుగుతున్నారు. ఆ గిట్ట చప్పుడే వీళ్ళను పట్టి ఉంచుతోందని వాడికి తోచింది. మెడలో మువ్వల పట్టెడ కొరికేస్తే ఎద్దు బెదురుతుంది, బెదిరితే గుమ్మం వదులుతుంది, వదిలితే ముందు వరస తనదే. నేలకు కరుచుకుని, నాగయ్య ముందు కాళ్ళ సందులోంచి మెడ దాకా పాకాడు. నోరు పట్టెడకు చేరింది. తోక వెనక ఉండిపోయింది.

నాగయ్య గిట్ట పడాల్సిన చోట పడింది.

"కుయ్యో," అన్నాడు కోటిలింగం.

బ్యారన్‌లో అలాంటి స్వరం అంతవరకు ఎవరూ వినలేదు. పై స్థాయిలో, నిట్టనిలువుగా, సూటిగా తాళం మొదటి దెబ్బ మీద పడింది. అది ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో కామాక్షమ్మ ఆలోచించలేదు. షరతు షరతే. ఆ స్వరాన్ని ఎత్తుకుని "కుయ్యో" అని తీగ సాగదీసింది. బెంజిమన్ దాన్ని అందుకుని కాస్త వంకర తిప్పి, "కుయ్యొయ్యో" అని అప్పగించాడు. జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

"వన్స్ మోర్," అన్నాయి మేకలు.

నాగయ్య తల వంచి చూసుకున్నాడు. గిట్ట కింద ఏముందో, గొంతు కింద ఎవరున్నారో చూశాడు. గిట్ట కొంచెం ఎత్తి, తోక జారుకోకుండా చూసుకుని, మళ్ళీ సమయానికి దించాడు.

"కుయ్యో."

"పెద్దాయనా, వదులు," అన్నాడు కోటిలింగం లోగొంతుతో.

"సభ అడుగుతోంది నాయనా. కాదనకూడదు," అన్నాడు నాగయ్య.

రత్తమ్మ లేచి నిలబడింది. ఆవిడకు సంగీతం అర్థం కాకపోయినా ఆ గొంతు బాగా అర్థమయింది. ఎన్ని సాయంత్రాలు ఆ గొంతు గంప చుట్టూ తిరగలేదు? పిల్లల్ని వెనక్కు తోసి, ఎద్దు కాళ్ళ సందులోకి తొంగిచూసింది.

"అమ్మగారూ, మీ రసికుడు ఇక్కడున్నాడు," అంది. "పాట వినడానికి ఎద్దు మెడ కిందకు ఎందుకు దూరినాడో అడగండి."

కామాక్షమ్మ దూలం మీద నుంచి దిగింది. పాట ఆపలేదు. పాడుతూనే అడిగింది.

"ఒరే బెంజిమన్, నువ్వు నన్ను ముసలావిడ అన్నావట, నిజమేనా?"

"లేదండీ. మీరే నన్ను బురద సరుకు అన్నారని, ఇదిగో, ఈయన చెప్పారు. మీకెవరు చెప్పారు?"

"ఈయనే."

"కుయ్యో," అన్నాడు కోటిలింగం, అడక్కుండానే ఒప్పుకుంటున్నట్టు.

"వన్స్ మోర్," అంది రత్తమ్మ. అంత గట్టిగా ఆవిడ ఏ కచేరీలోనూ అనలేదు. పిల్లలు కూడా తల్లిని చూసి సన్నగా "వన్స్ మోర్" అన్నాయి. గేదెలు సరేసరి.

"అమ్మా, తల్లీ, ఇక చాలించండి," అన్నాడు కోటిలింగం. "నాకు పాట రాదు."

"ఎవరన్నారు?" అంది కామాక్షమ్మ. "శ్రుతి ఎంత బాగా నిలుస్తోందో. నువ్వు ఇంతవరకు తల ఊపి వృథా అయిపోయావు గానీ, గొంతు ఉందయ్యా నీకు. మంగళం పాడేదాకా విద్వాంసుడు వేదిక దిగకూడదు, మా గురువుగారి మాట."

"ఇంకో చుట్టు నిండుగా పాడదాం," అన్నాడు బెంజిమన్. "మీ వంతు వచ్చినప్పుడు పెద్దాయన చెబుతాడు లెండి."

పెద్దాయన చెప్పాడు. వచ్చిన ప్రతి వంతుకూ చెప్పాడు. మోహనం, హిందోళం, రైల్వే కాలనీ అన్నీ తిరిగి, ఆ నాలుగో గొంతుతో సహా అందరూ వచ్చి కలిసేసరికి, బ్యారన్ రేకులు కూడా తాళం వేసినట్టు అదిరాయి. దూలాల మీద కొంగలు ఒంటి కాళ్ళు మార్చుకుని మరీ విన్నాయి. మంగళం అయ్యాక నాగయ్య గిట్ట ఎత్తాడు. కోటిలింగం జరీ పేలికను అక్కడే వదిలేసి, వెనక్కు చూడకుండా శనగ చేలో పడి పరుగెత్తాడు.

"అయ్యో, దండ వేద్దామనుకుంటే పోయాడే," అంది కామాక్షమ్మ.

ఆ రాత్రి రత్తమ్మ పిల్లలన్నీ బ్యారన్‌లోనే, కాళ్ళు బార్లా చాపుకుని నిద్రపోయాయి. రత్తమ్మ కూడా ఒక కన్ను తెరిచి పెట్టుకోకుండా చాలాకాలానికి హాయిగా పడుకుంది.

గుట్ట అవతల మర్నాడు మిగతా నక్కలు కోటిలింగం చుట్టూ చేరాయి. "ఏం బావా, తోక అలా చదునుగా అయిపోయిందేం?" అని అడిగాయి.

"కచేరీకి పిలిచారు," అన్నాడు కోటిలింగం కూర్చోలేక నిలబడే. "పాడాను. సన్మానం చేశారు."

"అయితే మళ్ళీ ఎప్పుడు?"

గుట్ట ఇవతల నుంచి గాలికి మువ్వల చప్పుడు వినిపించింది. కోటిలింగం రెండు కాళ్ళ మధ్య తోకను దాచుకున్నాడు.

ఒకరి పాట ఒకరు వింటూ పాడేవాళ్ళ నడుమ చిచ్చు పెట్టబోయినవాడు, వాళ్ళ పాటకే పనికొచ్చి పోతాడు.